ముక్తినాథ్‌కు ఒక్కదాన్నే: వెనక్కి తిరిగే చోట్లు

శ్రీరామనవమి మొన్ననే వెళ్ళింది. పదో తరగతి పేపర్ల స్పాట్ వాల్యుయేషన్ నడుస్తోంది, రోజూ పొద్దున పోయి సాయంత్రం వస్తున్నాను. ఏప్రిల్ 24 నుంచి మాకు వేసవి సెలవులు. ఆ వారంలోనే సికింద్రాబాద్‌లో నా పల్సర్‌ను రైలెక్కించి, గోరఖ్‌పూర్‌లో దించుకుని, సోనౌలీ దగ్గర దేశం దాటి, నేపాల్‌లో ముక్తినాథ్ దాకా ఒక్కదాన్నే బండి మీద పోవాలని నిశ్చయించుకున్నాను. నేను దేశం దాటడం ఇదే మొదటిసారి.

నాకు నలభై మూడేళ్ళు. హనుమకొండలో ఉంటాం. జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. బడికి రానూ పోనూ రోజుకు 46 కిలోమీటర్లు, ఎనిమిదేళ్ళుగా ఈ పల్సర్ 150 మీదే. మా తమ్ముడు కొత్త బండి కొనుక్కున్నప్పుడు దీన్ని నాకిచ్చాడు. ఆర్‌సీ అప్పుడే నా పేరు మీదికి మార్పించుకున్నాను. ఆ పని అప్పుడు చేసి ఉంచినందుకు ఇప్పుడు రోజూ సంతోషపడుతున్నాను, ఎందుకంటే సరిహద్దులో బండి ఎవరి పేరు మీద ఉందన్నదే మొదటి ప్రశ్న.

ముక్తినాథ్ ఎందుకంటే, మా అత్తమ్మ వల్ల. ఆమెకు డెబ్బై ఆరేళ్ళు. ఆళ్వార్లు పాడిన 108 దివ్యదేశాల్లో, అంటే విష్ణు క్షేత్రాల్లో, 105 మన దేశంలోనే ఉన్నాయి. రెండు ఈ భూమ్మీద లేవు. మిగిలిన ఆ ఒక్కటే నేపాల్‌లో ఉన్న ముక్తినాథ్, ఆళ్వార్ల పాశురాల్లో దాని పేరు సాలిగ్రామం. అత్తమ్మ యాత్రా బస్సుల్లో తిరిగి చూసినవన్నీ ఒక పాత డైరీలో టిక్కు పెట్టుకుంది. బదరీ దాకా పోయి వచ్చింది. ముక్తినాథ్ దగ్గర మాత్రం ఖాళీగానే ఉంది, ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. పూజలో ఆమె రోజూ కడిగి తుడిచే సాలగ్రామం ఆ గుడి కింద పారే కాళీ గండకి నదిలో దొరికే రాయి. నాకు అది ఇంకో రకంగా కూడా ఇష్టం. హిమాలయాలు లేనప్పుడు అక్కడ టెథిస్ సముద్రం ఉండేది. ఆ నీళ్ళలో బతికిన అమ్మోనైట్ అనే జీవి శిలాజమే ఆ రాయి మీది చక్రం గుర్తు. ఒక్క రాయిలో అత్తమ్మకు కనిపించేది, నాకు కనిపించేది రెండూ నిజమే. అది పుట్టిన చోటు కళ్ళారా చూడాలి.

నిజానికి ఈ ప్రయాణం పోయిన దసరాకే కావాల్సింది. 2024 అక్టోబర్ మొదట్లో సెలవులు, వానలు వెనకపడతాయి, కొండలు కడిగినట్టు కనిపిస్తాయి అనుకున్నాను. సెప్టెంబర్ 1న మన దగ్గరే వాన ముంచేసింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఆ నెలాఖరులో నేపాల్‌లో కురిసిన వానకు రెండు వందల మందికి పైగా చనిపోయారు. రోడ్లు ఎక్కడికక్కడ తెగిపోయాయి. పైగా మన దసరా రోజుల్లోనే వాళ్ళకు దశైన్ పండుగ, ఆఫీసులు మూసి ఉంటాయి, దేశం దేశమంతా సొంతూళ్ళకు బయల్దేరి ఉంటుంది. అప్పుడే అనుకున్నాను, సెలవులు నాకు ఎప్పుడు దొరికితే అప్పుడు కొండ ఒప్పుకోదని. ఇప్పుడు మే నెల ఎంచుకున్నాను. జూన్ రెండో వారానికి అక్కడ వర్షాకాలం మొదలవుతుంది, ఆలోపు దిగి రావాలి. మేలో అడవి మంటల పొగ, ధూళి వల్ల అన్నపూర్ణ శిఖరాలు సరిగ్గా కనిపించకపోవచ్చు. అది ఒప్పుకునే పోతున్నాను.

కాగితాల గురించి కొంచెం వివరంగా రాస్తాను, ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం. నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్ట్ గానీ, ఓటరు కార్డు గానీ ఉంటే చాలు. ఆధార్ చెల్లదు. నా ఓటరు కార్డు చూసుకుంటే అందులో పుట్టింటి ఇంటిపేరు ఉంది. లైసెన్సులో, ఆర్‌సీలో అత్తింటి ఇంటిపేరు ఉంది. ఇక్కడ ఎవరూ అడగరు, పెళ్ళయినంక మారిందంటే అర్థమైపోతుంది. అక్కడ కౌంటర్‌లో కూర్చున్న మనిషికి మన ఇంటిపేర్ల సంగతి నేనెక్కడ చెప్పను? ఫారం 8 పెట్టి కార్డు సరిచేయించుకోవచ్చు. కానీ పాస్‌పోర్ట్ గడువు కూడా ఎప్పుడో అయిపోయి ఉంది కాబట్టి దాన్నే రెన్యువల్ చేయించుకున్నాను. వరంగల్ పోస్టాఫీసు పాస్‌పోర్ట్ కేంద్రంలో పని అయిపోయింది. ఫొటో దిగేటప్పుడు ఆ అమ్మాయి "ఏ దేశం మేడం?" అని అడిగితే, "బండి మీద నేపాల్" అని మొదటిసారి బయటి మనిషితో పైకి అన్నాను. అన్నాక అది నిజమైనట్టు అనిపించింది.

మన లైసెన్సు నేపాల్‌లో నడుస్తుంది, ఇంటర్నేషనల్ పర్మిట్ కోసం ఆర్‌టీఓ ఆఫీసుకు తిరగనక్కర్లేదు. కార్నే అనే పూచీకత్తు పుస్తకం కూడా నేపాల్‌కు వద్దు. ప్రభుత్వ ఉద్యోగులు మాత్రం దేశం దాటే ముందు శాఖ అనుమతి తీసుకోవాలి, నేపాల్ అయినా సరే. నేను హెడ్‌మాస్టర్ గారి ద్వారా జనవరిలోనే పెట్టుకున్నాను, సంక్రాంతి సెలవులకు ముందు.

అన్నిటికంటే నన్ను ఆపేసింది ఇన్సూరెన్స్. పాలసీ ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేస్తే, "నేపాల్ ఆటోమేటిక్‌గా కవర్ అవుతుంది మేడం" అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. పాలసీ కాగితం తీసి అక్షరం అక్షరం చదివితే, వర్తించే భౌగోళిక ప్రాంతం అన్న చోట ఇండియా అని ఒక్క మాటే ఉంది. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్ ఈ ఆరు దేశాలకు పాలసీని పొడిగించుకునే వీలు మన మోటారు ఇన్సూరెన్స్‌లో ఉంది, కానీ అడిగి, కొంచెం అదనపు ప్రీమియం కట్టి, ఎండార్స్‌మెంట్ రాయించుకుంటేనే. మళ్ళీ రాతపూర్వకంగా అడిగాను, వచ్చింది. ఫోన్‌లో విన్న మాటను నమ్మి పోయి ఉంటే, అక్కడ ఎవరికైనా నా బండి తగిలితే వాళ్ళకు నేనేం చెప్పేదాన్ని? దయచేసి మీ పాలసీ మీరే చదవండి. ప్రయాణపు ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు కూడా ఎంత ఎత్తు దాకా వర్తిస్తుంది, బైక్ నడిపేవాళ్ళకు వర్తిస్తుందా అన్న రెండు షరతులు వెతికి చదవండి.

సరిహద్దు దాటాక బేలహియా కస్టమ్స్ ఆఫీసులో భన్సార్ అనే కాగితం తీసుకోవాలి. ఎన్ని రోజులు బండి ఆ దేశంలో ఉంటుందో చెప్పి, రోజుకు ఇంత అని కట్టాలి. గడువు దాటితే జరిమానా. ఇక్కడ జాగ్రత్తపడాల్సింది తేదీలతో. నేపాల్ అధికారిక లెక్కంతా విక్రమ సంవత్ క్యాలెండర్‌లో ఉంటుంది. నేను పోయేసరికి అక్కడ 2082 వైశాఖం. మన వైశాఖం చాంద్రమానం, వాళ్ళ వైశాఖం సౌరమానం, రెండూ ఒకటి కావు. చీటీ మీద చివరి తేదీ చూసి ఏ రోజో పోల్చుకోలేకపోతే ఇబ్బంది. అందుకే వాళ్ళ క్యాలెండర్ మే నెలకు సరిపోయేంత వరకు నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసుకున్నాను. నా లెక్కకు పన్నెండు రోజులు చాలు, పదిహేను రోజులకు భన్సార్ కట్టాలనుకుంటున్నాను. ఆ మూడు రోజులు దేనికో కింద చెప్తాను.

ఫిబ్రవరిలో ఒక శని, ఆదివారం పరీక్షగా భద్రాచలం పోయి వద్దామనుకున్నాను. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం, మంగపేట, మణుగూరు మీదుగా. ఒంటరిగా, సంచులన్నీ కట్టుకుని, నేపాల్‌కు ఎట్లా పోతానో అట్లా. పొద్దున బాగానే సాగింది. తాడ్వాయి అడవిలో చలి, మోదుగు చెట్లు పూసి ఉన్నాయి. ఏటూరునాగారంలో టీ తాగాను. అప్పటికే ఒళ్ళు అలిసింది, కళ్ళు మంటలు. అక్కడ ఒక గంట ఆగాల్సింది. చీకటి పడకముందే భద్రాచలం చేరాలి, అత్తమ్మకు గుడి నుంచి ఫోన్ చేస్తానన్నాను అని ముందుకే పోయాను.

మంగపేట దాటాక ఒక మలుపులో గోదావరి ఇసుక లారీలు ఒలకబోసిన ఇసుక రోడ్డు మీద సన్నగా పరుచుకుని ఉంది. చూశాను. బ్రేక్ పట్టొద్దని కూడా తెలుసు. అలసటలో కుడి చెయ్యి దానంతట అదే పట్టేసింది. ముందు చక్రం జారింది, బండి కుడి పక్కకు పడిపోయింది, నేను దాని పక్కన మోకాలి మీద. ప్యాంటు చిరిగి మోకాలు గీసుకుపోయింది, అంతే. కానీ ట్యాంక్ మూత దగ్గర పెట్రోలు చుక్కలు చుక్కలుగా ఇసుకలోకి కారుతోంది. 140 కిలోలకు పైన బండి, మీద సంచులు. హ్యాండిల్ పట్టుకుని రెండు సార్లు లేపబోయాను. జానెడు లేచి మళ్ళీ పడింది. మూడోసారి నడుములో ఏదో పట్టేసినట్టయి వదిలేశాను.

పక్క చేలో మిరపకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు, నలుగురు. చేతులకు పాత సాక్సులు తొడుక్కుని ఉన్నారు, ఘాటు తగలకుండా. ఒకామె "దెబ్బ తాకిందా అక్కా?" అని నా భుజం పట్టుకుంది. ఇంకొకామె ఏం మాట్లాడకుండా వెనక చక్రం దగ్గర కూర్చుంది. నలుగురూ నేనూ కలిసి ఒక్క ఊపులో లేపాం. నాకు నీళ్ళిచ్చి, చెట్టు కింద కూర్చోబెట్టి, "ఒక్కదానివే వస్తివా?" అని అడిగారు. కారం మంట ఆ సాక్సుల నుంచి నా చేతులకు అంటి రాత్రి దాకా పోలేదు. ఆ రోజు భద్రాచలం పోలేదు. మంగపేటకు వెనక్కి వచ్చి ఆ రాత్రి మా స్కూల్ అటెండర్ వాళ్ళ బంధువుల ఇంట్లో ఉండి, పొద్దున్నే ఇంటికి వచ్చేశాను.

మా ఆయన సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. జరిగిందంతా చెప్పాను, దాచలేదు. ఆయన పోవద్దు అనలేదు. చాలాసేపు మోకాలి కట్టు చూసి ఒక్క మాట అడిగాడు. "లైన్‌మన్ పోల్ ఎక్కాలంటే మేము ఎల్‌సీ ఇయ్యాలె. ఎంత అనుభవం ఉన్నోడైనా సరే, వాని ఎల్‌సీ వాడు తీస్కోడు. అక్కడ నీకు ఎల్‌సీ ఎవరిస్తరు?"

కరెంటు పని తెలియనివాళ్ళకు: ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైన్ ఆపేశాం, ఇక ముట్టుకోవచ్చు అని సబ్‌స్టేషన్ నుంచి ఇంకో మనిషి చెప్పే మాట. ఎక్కేవాడికి తొందర ఉంటుంది, వాన వస్తుంటుంది, ఊరంతా చీకట్లో ఉండి ఫోన్లు చేస్తుంటుంది. అందుకే ఎక్కొచ్చా లేదా అన్నది ఎక్కేవాడి చేతిలో పెట్టరు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి దాకా నా నోట్‌బుక్ నిండా ఉన్నవన్నీ ఎట్లా చేరుకోవాలి అన్నవే. ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ పెట్రోలు, ఎక్కడ పడుకోవాలి. తోడు ఉంటే ఎవరో ఒకరు "ఇయ్యాల్టికి చాలు" అంటారు. ఒక్కదాన్నే పోతే ఆ మాట అనేవాళ్ళు ఉండరు, అలిసిపోయిన బుర్ర అసలే అనదు. మరి ఆ మాట ఇంట్లో కూర్చుని, కడుపు నిండా తిని, తీరికగా ఉన్నప్పుడే రాసి పెట్టుకోవాలి. నోట్‌బుక్ కొత్త పేజీ తిప్పి, దారిలో నేను వెనక్కి తిరగాల్సిన చోట్లు రాయడం మొదలుపెట్టాను. ఈ ప్రయాణానికి నేను చేసిన ఏర్పాట్లన్నిటిలో అదే అసలైనదని ఇప్పుడు నమ్ముతున్నాను.

మొదటి మార్పు ఇంటి దగ్గరే జరిగింది. హనుమకొండ నుంచి గోరఖ్‌పూర్ దాకా చంద్రాపూర్, నాగ్‌పూర్, జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్ మీదుగా 1,300 కిలోమీటర్లకు పైనే. నడుపుకుంటూ పోవాలని నాకు ఎంతో ఉండేది. ఏప్రిల్ చివర చంద్రాపూర్ ఎండ మనకు తెలియంది కాదు. నాలుగు రోజులు ఆ ఎండలో కాలి, అలిసిన ఒంటితో కొండ ఎక్కడం మొదలుపెట్టాలి. మంగపేటలో నన్ను పడేసింది ఇసుక కాదు, అలసట. అందుకే రైలు. ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలియదు: టికెట్ మీద లగేజీగా బుక్ చేస్తే బండి మన రైల్లోనే వస్తుంది, పార్సిల్‌గా బుక్ చేస్తే ఏ రైల్లో చోటుంటే దాంట్లో పోతుంది. రైలు రెండు నిమిషాలు ఆగే స్టేషన్లో బండి ఎక్కించడం కుదరదు, అందుకే సికింద్రాబాద్ దాకా నడుపుకుని పోతున్నాను. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, అద్దాలు విప్పాలి, గోనె సంచులతో, గడ్డితో చుట్టించాలి, ఆర్‌సీ జిరాక్స్ ఇవ్వాలి.

గోరఖ్‌పూర్ నుంచి సోనౌలీ సుమారు వంద కిలోమీటర్లు. దాటగానే గడియారం పావుగంట ముందుకు జరపాలి. భైరహవా, బుట్వల్ వరకు మైదానం. బుట్వల్ దాటగానే సిద్ధబాబా అనే చోట రోడ్డు కొండ చరియ కింద పోతుంది. రాళ్ళు పడటానికి పేరుపడ్డ చోటు అది, దాన్ని తప్పించడానికి సొరంగ మార్గం పనే చేపట్టారు. నా పేజీలో మొదటి వాక్యం దాని గురించే: బుట్వల్‌లో చినుకు పడుతుంటే ఆ రోజుకు బుట్వల్‌లోనే ఉండాలి. పడకపోతే తాన్సేన్ చేరి రాత్రి అక్కడ. మర్నాడు పోఖరా. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలోకి పోవడానికి పర్మిట్ అక్కడ తీసుకుంటాను, సార్క్ దేశాల వాళ్ళకు రుసుము తక్కువ. పోఖరాలో రెండు రాత్రులు, ఒకటి కాదు.

బేని నుంచి పైకి అసలు దారి. ఒక పక్క అన్నపూర్ణ, ఒక పక్క 8,167 మీటర్ల ధవళగిరి, మధ్య లోయలో కాళీ గండకి. రోడ్డు కొంత తారు, కొంత మట్టి, కొన్ని చోట్ల వాగు నీళ్ళు రోడ్డు మీదే. తాతోపానీ 1,200 మీటర్ల దగ్గర ఉంది, అక్కడ వేడినీటి బుగ్గలున్నాయి, మొదటి రాత్రి అక్కడ. ఆ రాత్రి వాన పడితే, పొద్దున పైనుంచి మొదటి బస్సు దిగి వచ్చేదాకా నేను కదలను. బస్సు వచ్చిందంటే రోడ్డు ఉన్నట్టు. రాకపోతే ఆ రోజు బుగ్గల దగ్గరే. ఇంకో రోజు కూడా రాకపోతే బేనికి దిగిపోవడమే. భన్సార్‌లో ఆ మూడు అదనపు రోజులు ఇందుకు.

తర్వాత మార్ఫా, 2,670 మీటర్లు, ఆపిల్ తోటల ఊరు. అక్కడ రెండు రాత్రులు ఒంటికి ఎత్తు అలవాటు కావడానికి. లోయలో పదకొండు గంటలయ్యేసరికి దక్షిణం నుంచి గాలి లేస్తుంది. కింద లోయ వేడెక్కి గాలి పైకి తోసుకొస్తుంది, సాయంత్రం దాకా ఆగదు. అందుకే ఆ లోయలోని జోమ్‌సోమ్‌కు విమానాలు పొద్దున్నే పోయి వచ్చేస్తాయి. తేలికైన నా బండికి ఆ గాలి మంచిది కాదు. కాబట్టి మార్ఫా నుంచి పైకి పొద్దున ఐదున్నరకు బయల్దేరితేనే బయల్దేరినట్టు. ఏ కారణం చేతనైనా ఏడు దాటితే ఆ రోజు వద్దు.

ముక్తినాథ్ గుడి సుమారు 3,800 మీటర్ల ఎత్తులో ఉంది. నేను ఏటా వాతావరణ పీడనం చెప్పేటప్పుడు బోర్డు మీద 76 సెంటీమీటర్ల పాదరస స్తంభం గీస్తాను. అక్కడ ఆ స్తంభం 48 దగ్గర నిలబడుతుంది. గాలి మూడింట రెండు వంతుల కంటే కాస్త తక్కువే. నీళ్ళు 87 డిగ్రీలకే మరుగుతాయి. నా బండి కార్బురేటర్‌ది, గాలి తగ్గితే పెట్రోలు పాలు ఎక్కువై నల్ల పొగ వదులుతుంది, ఊపు తగ్గుతుంది. నాకూ అదే జరుగుతుంది. మార్ఫాలో రెండో పొద్దున తలనొప్పి ఉండి, దానికి తోడు వికారం గానీ, తూలు గానీ ఉంటే ముక్తినాథ్ లేదు. మాత్ర వేసుకుని చూద్దాం అన్నది లేదు. కిందికి దిగడమే. అన్నీ బాగుంటే పొద్దున ఎనిమిదింటికల్లా చేరి, గుడి దగ్గరి 108 నీటి ధారల కింద తల పెట్టి, దర్శనం చేసుకుని, పదికి దిగడం మొదలుపెట్టి కింద కాగ్‌బేని ఊళ్ళో ఆగిపోవాలి. రాత్రి పైన పడుకోను. కిందికి పోయేటప్పుడు గాలి ఎదురొస్తుంది కాబట్టి మర్నాడు పొద్దున్నే మళ్ళీ కిందికి.

ఇదంతా ఒక అరఠావు కాగితం మీద ఎర్ర పెన్నుతో రాసి మూడు కాపీలు తీశాను. ఒకటి ట్యాంక్ బ్యాగ్‌లో, ఒకటి పాస్‌పోర్ట్‌లో, ఒకటి మా ఆయన దగ్గర. ప్రతి సాయంత్రం ఆయనకు ఫోన్ చేస్తాను. ఆయన కాగితం చూసి అడుగుతాడు, నేను ఉన్నది ఉన్నట్టు చెప్తాను. నెట్‌వర్క్ లేకపోతే కాగితమే ఎల్‌సీ. అక్కడ కూడా పోలీసుకు 100, అంబులెన్స్‌కు 102, టూరిస్ట్ పోలీసుకు 1144. అవి కాగితం వెనక రాశాను.

మార్చి నెలంతా ఆదివారాలు మా మెకానిక్ అన్న షాపులో గడిపాను. ముందు ఆయన "మీకెందుకు మేడం, నేను చేసిస్త గద" అన్నాడు. ముక్తినాథ్ దగ్గర మీరుండరు కదా అన్నాక స్టూల్ జరిపి కూర్చోబెట్టాడు. చైన్ బిగించడం, ట్యూబ్‌లెస్ టైరుకు పంక్చర్ వెయ్యడం, ప్లగ్గులు విప్పి బ్రష్‌తో తోమడం నేర్చుకున్నాను. ఈ ఇంజన్‌కు రెండు ప్లగ్గులు, కాబట్టి స్పేర్ కూడా రెండు. పైన నల్ల పొగ వస్తే ఎయిర్ స్క్రూ ఎటు తిప్పాలో పెయింట్‌తో బాణం గీసి ఇచ్చాడు. ఆయన చేసిన ఇంకో పని నాకు చాలా నచ్చింది. కొత్త క్లచ్ కేబుల్‌ను సంచిలో పెట్టకుండా, పాత కేబుల్ పక్కనే అదే దారిలో లాగి టేపు చుట్టేశాడు. పాతది తెగితే ట్యాంకు విప్పే పని లేదు, రెండు కొసలు మార్చి తగిలించుకోవడమే.

బండి లేపడం కూడా ఆయనే నేర్పాడు, బడి వెనక మట్టిలో. బండి కుడి పక్కకు పడితే ముందు సైడ్ స్టాండ్ దింపాలి, గేరులో ఉంచాలి, హ్యాండిల్ పూర్తిగా నేల వైపు తిప్పాలి. అప్పుడు బండికి వీపు ఆనించి, సీటు అంచుకు నడుము తగిలేలా గొంతుక్కూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో వెనక గ్రాబ్ రైలు పట్టుకుని, చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ కాళ్ళతో తోయాలి. చేతులు పట్టుకోవడానికే, బరువు తొడల మీద. మొదటి రోజు రాలేదు. రెండో ఆదివారం సంచులు లేకుండా లేచింది. ఉగాది నాడు, పచ్చడి తిని వచ్చి, సంచులతో సహా మూడు సార్లు పడేసి మూడు సార్లు లేపాను. మంగపేట మిరప చేను ఆడవాళ్ళు ఎక్కడున్నారో గానీ ఆ రోజు వాళ్ళను తలుచుకున్నాను.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. మన రూపాయికి అక్కడ 1.6 నేపాలీ రూపాయలు, అది స్థిరంగా ఉంటుంది. ఎందుకైనా మంచిదని వంద నోట్ల కట్టలు తీసుకుపోతున్నాను. 2024 నుంచి క్యూఆర్ స్కాన్ చేసి మన యూపీఐతో కట్టే వీలు వచ్చింది, కానీ కొండ మీద దాన్ని నమ్ముకోను. సిమ్ నేపాల్ టెలికాంది తీసుకుంటాను.

నిన్న రాత్రి ఆ ఎర్ర పెన్ను కాగితం అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమెకు చెప్పకుండా దాచడం నాకు ఇష్టం లేదు. ఆమె రాగి చెంబు తోమి సిద్ధంగా పెట్టుకుంది, మూత చుట్టూ గుడ్డ కట్టి. ముక్తిధార నీళ్ళ కోసం. మార్ఫా దగ్గర తిరిగి రావాల్సి వస్తే ఆ చెంబు ఖాళీగా వస్తుందని చెప్పాలి. చెప్పాను. ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు.

"మ్యాపు చూపెట్టు బిడ్డా" అంది.

ఫోన్లో పెద్దది చేసి చూపించాను. వేలితో గుడి దగ్గర పెట్టి, "ఈడ ధారల నీళ్ళు యాడికి పోతయి?" అని అడిగింది. నేను ఎన్ని సార్లు చూశానో ఆ మ్యాపు, ఆ ప్రశ్న నాకు రాలేదు. గుడి కింది లోయలో ఝోంగ్ వాగులోకి పోతాయి. ఆ వాగు కాగ్‌బేని దగ్గర కాళీ గండకిలో కలుస్తుంది. గండకి జోమ్‌సోమ్ దాటి, మార్ఫా ముందు నుంచి, తాతోపానీ పక్క నుంచి, బేని దాకా, ఇంకా కిందికి దిగి గంగలో కలుస్తుంది. వేలు దాని వెంబడే జరుపుతూ పోయాను. నా కాగితం మీద వెనక్కి తిరగాలని రాసుకున్న చోట్లు, తాతోపానీ, మార్ఫా, రెండూ ఆ నది ఒడ్డునే ఉన్నాయి.

"అయితే యాడ ఆగితే ఆడ ముంచుకరా. అవే నీళ్ళు" అంది అత్తమ్మ. చెంబు నా చేతికిచ్చి, "పైలంగ పోయిరా" అని పడుకోవడానికి లేచింది.

చెంబు ట్యాంక్ బ్యాగ్‌లో సరిపోయింది, కాగితం పక్కనే.